బొంత మీద తుప్పు మరక

మీ ఇంట్లో అటక మీద ఒక రేకుపెట్టె ఉండే ఉంటుంది. మూత మీద తెల్ల పెయింటుతో తాతగారి పేరో, ఆయన బదిలీ మీద వెళ్ళిన ఊరి పేరో రాసి ఉంటుంది. లోపల నాయనమ్మ కుట్టిన బొంత, అమ్మ పెళ్ళినాటి చీర, ఎవరో మొదలుపెట్టి సగంలో వదిలేసిన గుడ్డముక్కల దుప్పటి, దానికి గుచ్చిన గుండుసూదులతో సహా, పదేళ్ళో ఇరవయ్యేళ్ళో అలాగే పడి ఉంటాయి. ఒకనాడు తెరిచి చూస్తే సూది ఉన్న చోటల్లా ఇటుకరంగు చుక్క. పెట్టె గోడకు తగిలిన మడత పొడవునా గోధుమరంగు చార. సబ్బుతో రుద్దితే పోదు. బ్లీచింగు పౌడరు కలిపిన నీళ్ళలో నానబెడితే, మరక పోదు సరికదా, కొన్నాళ్ళకు సరిగ్గా ఆ చుక్క ఉన్న చోటే చిల్లి పడుతుంది.

నూనె మరకకు, పసుపు మరకకు, సిరా మరకకు లేని ఈ పట్టుదల తుప్పు మరకకు ఎక్కడిది? చుట్టూ ఉన్న గుడ్డ బాగానే ఉండగా మరక ఉన్నంత మేర మాత్రమే ఎందుకు చివికిపోతుంది? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు మీరు చదువుకునే రసాయనశాస్త్రం పుస్తకంలోనే ఉంది. కాకపోతే వేరువేరు అధ్యాయాల్లో ఉంది.

సిల్తారా గాలిలో ఇనుము

రాయ్‌పూర్ నుంచి బిలాస్‌పూర్ వెళ్ళే రోడ్డు మీద, ఊరు దాటిన కొంతసేపటికి సిల్తారా వస్తుంది. ఛత్తీస్‌గఢ్‌లోని పెద్ద పారిశ్రామిక వాడల్లో ఇదొకటి. స్పాంజి ఐరన్, ఉక్కు, ఫెర్రో అల్లాయ్ కర్మాగారాలు ఇక్కడ బారులు తీరి ఉన్నాయి. మన తెలుగువారికి ఈ ప్రాంతం కొత్తదేమీ కాదు. 1931లో విజయనగరం-రాయ్‌పూర్ రైలు మార్గం పూర్తయింది. 1959లో భిలాయిలో మొదటి బ్లాస్టు ఫర్నేసు వెలిగింది. రైల్వేలో, ఉక్కు కర్మాగారంలో పనికోసం వెళ్ళి రాయ్‌పూర్, భిలాయి పరిసరాల్లో స్థిరపడిన తెలుగు కుటుంబాలు ఎన్నో. పాత చీరలూ పంచెలూ పొరలుగా పరిచి కుట్టే మన బొంతనే అక్కడివారు కథరీ అంటారు. పేరు ఏదైనా, రేకుపెట్టెలో దాచే అలవాటు మాత్రం రెండు చోట్లా ఒకటే.

స్పాంజి ఐరన్ అంటే ఏమిటి? ఇనుప ఖనిజంలో ఉండేది ప్రధానంగా ఫెర్రిక్ ఆక్సైడు. దానిని బొగ్గుతో కలిపి, మెల్లగా తిరిగే పొడవైన గొట్టపు కొలిమిలో సుమారు 1000 డిగ్రీల సెంటీగ్రేడు దగ్గర వేడిచేస్తారు. ఇనుము కరగాలంటే 1538 డిగ్రీలు కావాలి కాబట్టి అది కరగదు. బొగ్గు నుంచి పుట్టిన కార్బన్ మోనాక్సైడు ఖనిజంలోని ఆక్సిజన్‌ను లాగేసుకుంటుంది. ఫెర్రిక్ ఆక్సైడు బరువులో ఆక్సిజన్ వాటా 30 శాతం. అంత భాగం బయటికి పోయినా గడ్డ ఆకారం దాదాపు అలాగే ఉండిపోతుంది. అంటే ఆక్సిజన్ ఖాళీ చేసిన చోటల్లా సందులు మిగులుతాయి. చూడటానికి స్పాంజిలా ఉంటుంది కనుక ఆ పేరు. బొగ్గుతో స్పాంజి ఐరన్ తయారుచేసే పద్ధతికి మన దేశంలో తొలి అడుగు పడింది తెలుగునాట, పాల్వంచలో. అక్కడి స్పాంజ్ ఐరన్ ఇండియా లిమిటెడ్ 1980లో ఉత్పత్తి మొదలుపెట్టింది. తరవాత అది ఎన్.ఎం.డి.సి.లో విలీనమైంది.

కొలిమిలో బలవంతంగా పోగొట్టుకున్న ఆక్సిజన్‌ను ఈ ఇనుము బయటి గాలిలో మళ్ళీ వెదుక్కుంటుంది. సందుల నిండా గాలి, తేమ చొరబడతాయి కాబట్టి మామూలు ఇనుము కంటే ఎంతో త్వరగా తుప్పు పడుతుంది. తడిసిన గుట్టలు వేడెక్కి రగులుకున్న సందర్భాలు కూడా ఉన్నాయి. అందుకే రవాణాలో దీన్ని తడవకుండా జాగ్రత్తగా కాపాడతారు.

ఇలాంటి వాడకు గాలివాలులో దండెం మీద ఆరేసిన తడి బట్టను ఊహించండి. ఇనుప రజను ఒకటి రెండు రేణువులు వచ్చి వాలితే చాలు. ఒక చిన్న లెక్క వేద్దాం. ఒక సెంటీమీటరు భుజం ఉన్న ఇనుప ఘనానికి ఉపరితలం 6 చదరపు సెంటీమీటర్లు. దాన్నే 10 మైక్రాన్ల భుజం ఉన్న బుల్లి ఘనాలుగా కోశామనుకోండి. అవి వంద కోట్లు అవుతాయి. వాటి మొత్తం ఉపరితలం 6,000 చదరపు సెంటీమీటర్లు. అంటే అదే ఇనుము వెయ్యి రెట్ల ఉపరితలాన్ని గాలికీ నీటికీ ఒప్పగిస్తున్నదన్నమాట. పెద్ద మేకు తుప్పుపట్టడానికి రోజులు పట్టే చోట కంటికి కనిపించని రేణువుకు ఒక్క రాత్రి చాలు. తెల్ల బట్ట మీద పొద్దున్నకల్లా బొట్టు పెట్టినట్టు గోధుమ చుక్కలు తేలతాయి. రైలు పట్టాల పక్కన కాపురముండేవారు కూడా ఈ చుక్కలు ఎరుగుదురు. అక్కడ రేణువులు బ్రేకుల నుంచి, చక్రాల నుంచి వస్తాయి.

ఇందులో ఒక మంచి సంగతి కూడా ఉంది. పొడిగా ఉన్నంతసేపూ ఇనుప రజను మరక కాదు, దుమ్ము మాత్రమే. తడి తగిలాకే అది మరక అవుతుంది. కాబట్టి దుమ్ము పడిన బట్టను కనిపించగానే నీళ్ళలో ముంచడం సరికాదు. ముందు దులపాలి. తరవాత ఒక అయస్కాంతాన్ని పలుచని గుడ్డలో చుట్టి బట్ట మీద మెల్లగా తిప్పాలి. గుడ్డ చుట్టడం ఎందుకంటే, అంటుకున్న రజనును వదిలించడం తేలికవుతుంది. ఖనిజం తాలూకు ఎర్రదుమ్ము అయస్కాంతానికి పెద్దగా అంటదు. అయితే అది ఇప్పటికే ఆక్సైడు కాబట్టి కొత్తగా తుప్పుపట్టేదేమీ లేదు. దాన్ని దులుపుతూ, మెత్తని బ్రష్షుతో తీసేయవచ్చు.

బొంత విషయంలో అయస్కాంతానికి ఇంకో ఉపయోగం ఉంది. కుట్టేటప్పుడు విరిగి పొరల మధ్య ఉండిపోయిన సూదిమొన ఎక్కడుందో అది పట్టిస్తుంది. పాత బొంత మధ్యలో, పైకి ఏ కారణమూ కనిపించని చోట గోధుమ మచ్చ తేలిందంటే లోపల సూదిమొన ఉందేమోనని అనుమానించండి. తుప్పు పూర్తిగా తినేస్తే మాత్రం అయస్కాంతం లాగడానికి లోపల ఇనుము మిగలదు.

మూసిన పెట్టెలోకి నీరెలా వచ్చింది?

తుప్పు పట్టడానికి నీరూ ఆక్సిజనూ రెండూ కావాలని మీకు తెలుసు. పెట్టె మూసి ఉంది, వాన పడలేదు, మరి నీరెక్కడిది?

గాలిలోనే ఉంది. వర్షాకాలంలో 30 డిగ్రీల వేడి, 80 శాతం సాపేక్ష ఆర్ద్రత ఉన్న గాలిలో ఘనపు మీటరుకు సుమారు 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. ఆ గాలిని 26 డిగ్రీలకు చల్లబరిస్తే చాలు, మంచు పట్టడం మొదలవుతుంది. గదిలో అన్నిటికంటే ముందు చల్లబడే వస్తువుల్లో రేకు ఒకటి. పెట్టెను చల్లని గచ్చు మీద, బయటిగోడకు ఆనించి పెట్టామా, రాత్రిపూట దాని లోపలి గోడ మీద కంటికి కనపడనంత పలుచని నీటిపొర ఏర్పడుతుంది. ఇక నూలుగుడ్డకు స్వతహాగా తేమను పీల్చే గుణముంది. 65 శాతం ఆర్ద్రత ఉన్న గాలిలో ఆరిన నూలు కూడా తన బరువులో సుమారు 8 శాతం నీటిని దాచుకుంటుంది. గుడ్డ రేకుకు తగిలిన చోట ఈ తేమ దీపం వత్తిలా పనిచేసి, ఇనుమును ఎప్పుడూ తడిగా ఉంచుతుంది.

అక్కడ జరిగేది ఒక చిన్న విద్యుత్ ఘటం. ఇనుము ఒకచోట రెండు ఎలక్ట్రాన్లు వదిలి ఫెర్రస్ అయాన్‌గా నీటిలోకి దిగుతుంది. అది ఆనోడ్. ఆ ఎలక్ట్రాన్లు లోహంలోనే పక్కకు ప్రయాణించి, ఆక్సిజన్ బాగా అందే చోట నీటితోనూ ఆక్సిజన్‌తోనూ కలిసి హైడ్రాక్సైడు అయాన్లను తయారుచేస్తాయి. అది కాథోడ్. నీటిలో ఉప్పు ఉంటే విద్యుత్తు ఇంకా సులభంగా పారుతుంది. చెమట పూర్తిగా వదలకుండా మడిచి పెట్టిన బట్ట ఈ ఉప్పును ఉచితంగా సరఫరా చేస్తుంది.

ఇక్కడ మనకు ముఖ్యమైన విషయం ఫెర్రస్ అయాన్ నీటిలో కరుగుతుందనేది. కరిగిన ఇనుము తడితోపాటు నూలుపోగులోకి, పోగులో ఉన్న పీచులోకి, పీచు లోపలి సందుల్లోకి పాకుతుంది. అక్కడ గాలి తగిలి ఆక్సీకరణం చెంది ఫెర్రిక్ రూపంలోకి మారి, ఆర్ద్ర ఫెర్రిక్ ఆక్సైడుగా అవక్షేపిస్తుంది. అదే తుప్పు. బురద మరకలా అది గుడ్డ పైన కూర్చోదు, కరిగి లోపలికి వెళ్ళాక అక్కడే గడ్డకడుతుంది. సందుగుండా నీరై దూరి లోపల రాయిగా మారిన వస్తువును బయటినుంచి రుద్ది ఎలా తీస్తారు?

గొట్టపుబావి నీటి కథ కూడా ఇదే. తోడినప్పుడు నీరు తేటగా ఉంటుంది, ఎందుకంటే భూగర్భంలో ఆక్సిజన్ అందని ఇనుము ఫెర్రస్ రూపంలో కరిగి ఉంటుంది. బకెట్టులో కొంతసేపు ఉంచితే గాలి తగిలి గోధుమరంగుకు తిరుగుతుంది. లీటరుకు 0.3 మిల్లీగ్రాముల ఇనుము దాటితే ఆ నీటితో ఉతికిన బట్టలకు మరకలు పట్టే అవకాశం ఉంది. అందులో చాకలిసోడా వేస్తే క్షారగుణం పెరిగి ఇనుము మరింత త్వరగా అవక్షేపిస్తుంది. తెల్లబట్టలు ఉతికేకొద్దీ పచ్చబడటంలో సబ్బు తప్పు ఉండకపోవచ్చు.

సబ్బు ఎందుకు ఓడిపోతుంది?

సబ్బు పని జిడ్డును నీటిలో తేలేటట్టు చేయడం. తుప్పులో జిడ్డు లేదు. పైగా సబ్బునీరు క్షారం, ఫెర్రిక్ హైడ్రాక్సైడు క్షారంలో ఇంకా గట్టిగా కూర్చుంటుంది. దీని కరిగే స్వభావం ఎంత తక్కువంటే, దాని ద్రావణీయతా లబ్ధం ఒకటి కింద 38 సున్నాలున్న భిన్నం ప్రాంతంలో ఉంటుంది. అయితే ఆ లెక్కలోనే ఒక దారి దాగి ఉంది. ప్రతి ఫెర్రిక్ అయాన్‌కూ మూడు హైడ్రాక్సైడు అయాన్లు జతగా ఉన్నాయి కదా. కాబట్టి పి.హెచ్. ఒక్క అంకె తగ్గితే నీటిలో నిలవగల విడి ఫెర్రిక్ అయాన్ల సంఖ్య పదిరెట్లు కాదు, పది గుణించు పది గుణించు పది, అంటే వెయ్యిరెట్లు పెరుగుతుంది. ఆమ్లం తుప్పును కరిగించే రహస్యం ఇదే.

కానీ ఆమ్లం ఒక్కటే చాలదు. శుభ్రంగా కడిగేటప్పుడు పి.హెచ్. మళ్ళీ పెరుగుతుంది, కరిగిన ఇనుము మళ్ళీ అక్కడే అవక్షేపించవచ్చు. కరిగిన ఇనుమును వదలకుండా పట్టుకుని బయటికి తీసుకువెళ్ళే అణువు కావాలి. సిట్రిక్ ఆమ్లం, ఆక్సాలిక్ ఆమ్లం, ఇ.డి.టి.ఎ. అనే మూడూ ఆ పని చేస్తాయి. ఒక్కొక్క అణువుకూ ఇనుమును పట్టుకునే కొసలు ఒకటికంటే ఎక్కువ ఉన్నాయి. పీత తన డెక్కలతో పట్టినట్టు ఇవి లోహపు అయాన్‌ను చుట్టూ పట్టేస్తాయి. గ్రీకు భాషలో పీత డెక్క అనే మాట నుంచే 1920లో మోర్గన్, డ్రూ అనే రసాయనవేత్తలు వీటికి కీలేట్లు అని పేరు పెట్టారు. వెనిగర్‌లోని అసిటిక్ ఆమ్లానికి ఇలాంటి పట్టు లేదు. అందుకే అది నిమ్మరసం చేసినంత పని చేయదు.

నిమ్మరసం, ఉప్పు రాసి ఎండలో పెట్టమన్న అమ్మమ్మ వైద్యం ఇక్కడికి సరిగ్గా అతుకుతుంది. నిమ్మరసంలో సుమారు 5, 6 శాతం సిట్రిక్ ఆమ్లం ఉంటుంది. ఎండ పనేమిటంటారా? సిట్రేటు పట్టుకున్న ఫెర్రిక్ ఇనుమును సూర్యకాంతి ఫెర్రస్ రూపానికి క్షయకరణం చేస్తుంది. ఫెర్రస్ తేలికగా కరుగుతుంది కాబట్టి పని త్వరగా ముగుస్తుంది. చిట్కా పనిచేస్తుంది, సందేహం లేదు. అయితే ఎండలో నీరు ఆవిరైపోతుంటే ఆమ్లం చిక్కబడుతుంది, గుడ్డ వేడెక్కుతుంది. నూలుకు వేడీ ఆమ్లమూ కలిసి రావడం కంటే పెద్ద శత్రువు లేదు. వంటింటి తువ్వాలుకైతే ఈ వైద్యం చేసుకోండి. ఎనభై ఏళ్ళ బొంతకు మాత్రం వద్దు.

చిల్లి పడటం వెనుక కథ

నూలు అంటే సెల్యులోజ్. వేలకొద్దీ గ్లూకోజు యూనిట్లు గొలుసులా పేర్చిన పొడవైన అణువు. గుడ్డ బలమంతా ఆ గొలుసు పొడవులో ఉంది. మధ్యలో ఒక్కో లంకె తెగుతూ పోతే, గుడ్డ చూడటానికి అలాగే ఉంటుంది కానీ వేలితో నొక్కితే బూడిదలా రాలుతుంది. లంకెలను తెంపేవి రెండు: ఆమ్లం, ఆక్సీకరణం. తుప్పు ఉన్న చోట రెండోది బాగా చురుగ్గా సాగుతుంది.

1894లో హెచ్.జె.హెచ్. ఫెంటన్ అనే ఇంగ్లీషు రసాయనవేత్త ఒక విచిత్రాన్ని ప్రచురించాడు. టార్టారిక్ ఆమ్లానికి హైడ్రోజన్ పెరాక్సైడు కలిపితే పెద్దగా ఏమీ జరగలేదు. అందులో ఇసుమంత ఫెర్రస్ లవణం వేసేసరికి ఆమ్లం చకచకా ఆక్సీకరణం చెందింది. (టార్టారిక్ ఆమ్లమంటే మన చింతపండు పులుపే సుమా!) చర్య వెనుక ఉన్నది హైడ్రాక్సిల్ రాడికల్ అని 1934లో హేబర్, వైస్ అనే శాస్త్రజ్ఞులు సూచించారు. ఫెర్రస్ అయాన్ పెరాక్సైడుకు ఒక ఎలక్ట్రాన్ ఇచ్చి దాన్ని రెండుగా చీలుస్తుంది. అందులో ఒక ముక్కే ఈ రాడికల్. దానికి జతలేని ఎలక్ట్రాన్ ఉంటుంది, దగ్గర ఏది దొరికితే దానినుంచి ఒక హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. పక్కనే ఉన్నది సెల్యులోజ్ అయితే గొలుసు తెగే పని మొదలైనట్టే.

ఇందులో ఇనుము ఖర్చు కాదు. ఫెర్రిక్‌గా మారిన అయాన్ మళ్ళీ ఫెర్రస్‌గా తిరిగి వచ్చి అదే పని చేస్తుంది. ఇలా తాను తరగకుండా చర్యను నడిపే పదార్థాన్ని ఉత్ప్రేరకం అంటాం. గాలిలోని ఆక్సిజన్‌తో తేమ సమక్షంలో గుడ్డ మెల్లగా ఆక్సీకరణం చెందుతున్నప్పుడు కొద్దికొద్దిగా పెరాక్సైడు సహజంగానే పుడుతుంది. కనుక పెట్టెలో మీరు ఏమీ చేయకపోయినా పని సాగుతూనే ఉంటుంది, ఏళ్ళ తరబడి. తెల్లబరిచే మందు వేస్తే మాత్రం ఏళ్ళ పని గంటల్లో జరిగిపోతుంది. హైడ్రోజన్ పెరాక్సైడు గానీ, ఆక్సిజన్ విడుదల చేసే బట్టల పౌడర్లు గానీ తుప్పు మరక మీద వేయడమంటే ఫెంటన్ ప్రయోగాన్ని నాయనమ్మ బొంత మీద చేయడమే. బ్లీచింగు పౌడరులోని హైపోక్లోరైటు కూడా బలమైన ఆక్సీకారిణే. ఇనుము సమక్షంలో అది విచ్ఛిన్నమవుతూ ఆ చోటనే గుడ్డను తింటుంది. తుప్పును కరిగించే శక్తి దానికి ఎటూ లేదు. మొదట్లో చెప్పిన చిల్లికి కారణం ఇదే.

తుప్పు నలుపైన చోట

కావాలనే బట్టకు ఇనుము ఎక్కించే కళ మన దగ్గర ఉంది. శ్రీకాళహస్తి కలంకారీలో నల్లగీతకు వాడే ద్రవం ఎలా చేస్తారో తెలుసా? తుప్పుపట్టిన ఇనుప తుక్కు, బెల్లం నీళ్ళలో వేసి రోజుల తరబడి పులియబెడతారు. పులుపుకు ఇనుము కరుగుతుంది. గుడ్డను ముందే కరక్కాయ కషాయం, పాలు కలిపిన నీళ్ళలో తడిపి ఆరబెట్టి ఉంచుతారు. కరక్కాయలో టానిన్లు మెండు. కలం గీసిన చోట ఇనుమూ టానినూ కలిసి నల్లని సంయోగపదార్థంగా మారతాయి. పైపూత కాదు కనుక అది ఉతికినా వదలదు. పడమటి దేశాలలో వందల ఏళ్ళు రాతకు వాడిన మాచికాయ సిరా రసాయనం కూడా ఇదే.

ఫలితం కూడా ఇదే. పాత అద్దకపు బట్టల్లో ఎరుపు, నీలం నిగనిగలాడుతుండగా నల్లగీత ఉన్నంత మేర గుడ్డ రాలిపోయి వల మిగిలినట్టు ఉండటం మ్యూజియముల వారికి బాగా తెలిసిన సంగతి. జర్మన్ సంగీతకారుడు బాఖ్ స్వహస్తంతో రాసిన కాగితాలను కూడా సిరాలోని ఇనుము ఇలాగే తినేసింది. దీనికి విరుగుడు వెదికినవారిలో నెదర్లాండ్సుకు చెందిన నీవెల్ ఒకరు. ఆయన 1995లో ఫైటేటు అనే పదార్థాన్ని సూచించాడు. ఇది తవుడులోనూ గింజల పైపొరల్లోనూ ఉండే ఫైటిక్ ఆమ్లపు లవణం. ఇనుమును అన్నివైపులా చుట్టేసి, పెరాక్సైడుతో చర్య జరగకుండా అడ్డుపడుతుంది. ఇనుమును బయటికి తీయకుండానే దాని చేతులు కట్టేయడమన్నమాట.

దీనినుంచి మీకు ఒక హెచ్చరిక. మీ బొంతలో కలంకారీ లేదా పాత అద్దకపు ముక్క ఉంటే దాని దగ్గర తుప్పు వదిలించే మందు ఏదీ వాడకండి. మందుకు మరకలోని ఇనుము వేరు, రంగులోని ఇనుము వేరు కాదు. మరకతోపాటు నలుపు కూడా వెళ్ళిపోతుంది.

ఏం చేయవచ్చు?

ముందుగా తేల్చుకోవలసింది మరక తీయాలా వద్దా అన్నది. భూతద్దంతో చూడండి. మరక ఉన్న చోట పోగులు తెగి ఉంటే, బిరుసుగా ఉంటే, దాన్ని తాకవద్దు. వెనక ఒక మెత్తని పాత నూలుగుడ్డ ఆనించి, మరకకు బయట, బలంగా ఉన్న భాగంలో కుట్టి నిలబెట్టండి. మరక అలాగే ఉంటుంది, బొంత కూడా ఉంటుంది. నా మట్టుకు నాకు రెండో సగం ముఖ్యంగా తోస్తుంది. పట్టు, జరీ, రంగు కారే చీర, ఎంతో విలువైన పాతబట్ట అయితే మీ ప్రయత్నం మానుకుని, బట్టల సంరక్షణ తెలిసిన మ్యూజియం నిపుణులను అడగడం మంచిది.

గుడ్డ గట్టిగా ఉన్న తెల్లని నూలు అయితే కిరాణా కొట్లో దొరికే నిమ్మ ఉప్పు, అంటే సిట్రిక్ ఆమ్లపు పలుకులు వాడవచ్చు. నిమ్మరసం కంటే ఇదే నయం, ఎందుకంటే రసంలోని చక్కెరలు గుడ్డలో మిగిలితే తరవాత అవే పచ్చబడతాయి. 100 మిల్లీలీటర్ల మంచినీటిలో ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాములు కరిగించండి. కనపడని అంచు మీద ఒక చుక్క వేసి, తెల్లకాగితంతో అద్ది రంగు దిగుతుందేమో చూడండి. దిగకపోతే మరకను ముందు మంచినీటితో తడిపి, తరవాత ద్రావణం చుక్కలు చుక్కలుగా వేయండి. పది నిమిషాలు ఉంచి, ఆరనివ్వకుండా కడిగేయండి. మరక పలచబడితే మళ్ళీ చేయండి. ఒకే పట్టున గంటసేపు నానబెట్టడం కంటే పదేసి నిమిషాలు నాలుగుసార్లు చేయడం మేలు. గొట్టపుబావి నీరు వాడవద్దు, వాననీరో శుద్ధిచేసిన నీరో వాడండి. కడిగిన నీటిలో నీలి లిట్మస్ ఎర్రబడకుండా ఉండేంత వరకు కడుగుతూనే ఉండాలి. నీడలో ఆరబెట్టండి. పూర్తిగా కడిగామన్న నమ్మకం కుదిరేదాకా ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి.

దుప్పటికి చెప్పిన పద్ధతి బొంతకు యథాతథంగా పనికిరాదు. బొంతలో నాలుగైదు పొరలుంటాయి. కరిగిన ఇనుము పై పొర నుంచి కింది పొరలోకి దిగి అక్కడ మరో మరక వేస్తుంది. తడి ఎంతవరకు పాకిందో అంతవరకు ఒక గోధుమరంగు వలయం కూడా మిగులుతుంది. మొత్తం ముంచితే ఆరడానికి రోజులు పడుతుంది, ఈలోగా బూజు పట్టవచ్చు. అందుచేత మరక దగ్గర నాలుగు కుట్లు విప్పి, పై పొర కింద అద్దుడు కాగితం దూర్చి, పైనుంచి చుక్కలుగా వేస్తూ కాగితాన్ని మార్చుతూ పోవాలి. ఓపిక కావాలి. లోపల సూదిమొన ఉంటే దాన్ని తీశాకే ఇదంతా.

ఆక్సాలిక్ ఆమ్లం దీనికంటే చురుకైనది, నిజమే. కానీ అది విషం, మూత్రపిండాలను దెబ్బతీస్తుంది. కాలేజీ లాబొరేటరీలో, అధ్యాపకుల ఎదుట, చేతికి తొడుగులతో తప్ప దాని జోలికి పోవద్దు. ఇంకో మందు ఉంది. తుప్పు మరకను క్షణాల్లో మాయం చేస్తామని అమ్మే కొన్ని సరుకుల్లో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం గానీ అమ్మోనియం బైఫ్లోరైడు గానీ ఉంటుంది. గాజును కరిగించే ఆమ్లమిది. పలుచని ద్రావణం చర్మం మీద పడితే వెంటనే మంట కూడా తెలియకపోవచ్చు. లోపలికి ఇంకి శరీరంలోని కాల్షియంను పట్టేసుకుంటుంది. ఎక్కువ మోతాదులో తగిలితే గుండె ఆగిపోయే ప్రమాదముంది. సీసా మీద ఫ్లోరైడు అన్న మాట కనిపిస్తే ఇంట్లోకి తేవద్దు.

మళ్ళీ పెట్టెలోకి

గుండుసూదులు, పిన్నీసులు, స్టేపిలు పిన్నులు అన్నీ తీసేశాకే ఏ గుడ్డనైనా దాచండి. సగంలో ఆపిన కుట్టుపనికి ఇది మరీ ముఖ్యం. మళ్ళీ నెలలోపు మొదలుపెడతామనే అందరూ అనుకుంటారు, అది ఏళ్ళకు పోతుంది. ముక్కలు జరగకుండా ఉండాలంటే సూదికి బదులు పొడవాటి కచ్చా కుట్లు వేసుకోవచ్చు. సూది తళతళ మెరుస్తున్నదని భరోసా పడవద్దు. ఆ మెరుపు పైనున్న నికెల్ పూతది, గీసుకుపోతే కింద ఉన్నది ఇనుమే. జింకు పూత రేకు కొంత నయం. జింకు ఇనుము కంటే ముందుగా తాను కరిగి ఇనుమును కాపాడుతుంది, కానీ ఆ జింకు అయిపోయేదాకానే.

ఉన్న పెట్టెనే వాడదలిస్తే లోపలి తుప్పును గరుకు కాగితంతో గీకి, ప్రైమరు, ఆపైన ఎనామిల్ పెయింటు వేయించండి. వాసన పూర్తిగా పోయేదాకా, వారాలు పట్టినా సరే, తెరిచి ఉంచండి. అడుగునా గోడల వెంటా ఉతికిన తెల్ల నూలుగుడ్డ మందంగా పరవండి. వార్తాపత్రిక కాగితం వద్దు, అది పాతబడే కొద్దీ ఆమ్లగుణం పొందుతుంది. పెట్టె కింద రెండు చెక్కలు పెట్టి, గోడకు బెత్తెడు ఎడంగా జరపండి. కలరా ఉండలు పురుగును ఆపుతాయి తప్ప తేమను కాదు. వేపాకు వేసే అలవాటుంటే పూర్తిగా ఎండినదే వేయండి, పచ్చిగా ఉన్న ఆకు పెట్టెలోకి నీళ్ళు మోసుకుపోతుంది. ఎండలో వేసిన బట్టను వేడిగా ఉండగా పెట్టవద్దు. అందులోంచి వెలువడే తేమ చల్లని రేకు మీద చేరుతుంది. తెరిచి చూడటానికి వానాకాలం కంటే దీపావళి దాటాక వచ్చే పొడి రోజులు అనువైనవి. అప్పుడు మడతలు విప్పి, ఈసారి వేరేచోట మడత వచ్చేటట్టు పెట్టండి.

చేసి చూడండి

పాత తెల్ల పంచె నుంచి అరచేయంత ముక్కలు నాలుగు కత్తిరించండి. ఒక్కో దానిలో ఒక ఇనుప మేకు చుట్టి దారంతో కట్టండి. ఒకటి మంచినీటితో, రెండోది ఉప్పునీటితో, మూడోది చాకలిసోడా నీటితో, నాలుగోది చిక్కటి టీ డికాషనుతో తడపండి. వారం రోజులు ఆరకుండా, రోజూ అదే ద్రవంతో తడుపుతూ ఉండండి. తరవాత విప్పి పక్కపక్కన పెట్టండి. ఉప్పునీటి ముక్కకూ మంచినీటి ముక్కకూ తేడా చూడండి. సోడా ముక్క మీద తుప్పు ఎంత తక్కువగా ఉందో చూసి కారణం ఆలోచించండి. మరకను సోడా గట్టిపరుస్తుందని పైన చెప్పాను కదా, మరి మేకును అది ఎందుకు కాపాడింది? నాలుగో ముక్క గోధుమరంగులో కాక నల్లగా ఎందుకుంది?

ఇంటర్ విద్యార్థులు ఇంకో అడుగు వేయవచ్చు. మంచినీటి ముక్క మీద నిమ్మ ఉప్పు ద్రావణం వేసి, అద్దుడు కాగితంతో ఆ తడిని పీల్చి, ఆ కాగితం మీద పొటాషియం ఫెర్రోసయనైడు ద్రావణం ఒక చుక్క వేయండి. ఫెర్రిక్ అయాన్లు ఉంటే ముదురు నీలం వస్తుంది. గుడ్డను కడిగిన ప్రతిసారీ కొత్త కాగితంతో ఇదే పరీక్ష చేస్తే నీలం ఎన్నో కడుగుకు కనపడకుండా పోయిందో లెక్కపెట్టవచ్చు. పరీక్ష కాగితం మీదే చేయాలి సుమా, గుడ్డ మీద చేస్తే గోధుమ మరక స్థానంలో నీలి మరక మిగులుతుంది.